మెడనొప్పే కదా అనుకుంటే!

పోయినేడు ముసురు పట్టిన రోజుల్లో మాట. తెల్లవారుజామున పెరట్లో గోళెం దగ్గర పాచి పట్టిన బండ మీద మా అత్తమ్మ కాలు జారింది. ముందుకి పడింది. గడ్డం వెళ్ళి గోళెం అంచుకి కొట్టుకుంది. తల ఒక్కసారిగా వెనక్కి ఎగిరింది. గడ్డం కింద చిన్న గాటు, నాలుగు చుక్కల రక్తం. అంతే. ఆమే లేచి నడుచుకుంటూ వచ్చి మంచం మీద కూచుంది.

"ఏం కాలే బిడ్డా, చాయ పెట్టు" అంది.

చాయ గ్లాసు చేతికిస్తే జారి కింద పడింది. ఇంకో గ్లాసిచ్చాను. అదీ అంతే. "చేతులు మండుతున్నయే, పచ్చిమిరపకాయలు నూరినట్టుంది" అంది. కాళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి. బాత్రూమ్‌కి తనే వెళ్ళొచ్చింది. కానీ చీర కుచ్చిళ్ళు దోపుకోలేకపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నిన్నటిదాకా రోజుకి పది జొన్నరొట్టెలు కొట్టిన చేతులు అవి!

గంటలో వాడకట్టంతా మా ఇంట్లోనే ఉంది. ఒకరు పక్షవాతం అన్నారు. పక్షవాతమైతే సాధారణంగా ఒక పక్క పడిపోవాలి కదా, రెండు చేతులూ ఒక్కలాగే ఎట్లా పోతాయి? ఇంకొకరు వేడినీళ్ళు పోయమన్నారు. "మెడ పట్టింది వదినా, మెత్త ఎండల వేస్తే సరి" అన్నారు ఇంకొకావిడ. ముసుర్లో ఎండ ఎక్కడిది! పక్కింటి పెద్దమ్మ నువ్వులనూనె గిన్నెతో వచ్చి, మెడని ఇటో విరుపు అటో విరుపు విరిస్తే నరం సర్దుకుంటుందంది. నేనూ సరే అనబోయాను. ఆమె చేతివాసి మంచిదని మాకందరికీ నమ్మకం. అత్తమ్మే "ముట్టకురి, పానం పోతది" అని అరిచింది. ఆ అరుపే ఆమెని కాపాడిందని తరువాత తెలిసింది.

మొదట దగ్గర్లో చూపించాం. నొప్పి సూది వేసి, వయసు మీద పడింది, బలం మందులు వాడమన్నారు. ఆటోలో గుంతల మీద ఎగురుకుంటూ తీసుకెళ్ళాం, అట్లాగే తీసుకొచ్చాం. మరునాటికీ అన్నం ముద్ద కలుపుకోలేకపోయేసరికి మావారు కారు మాట్లాడి, సుల్తానాబాద్ మీదుగా కరీంనగర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ పొద్దు ఆ గదిలో నేను చూసింది, తరువాత అడిగి తెలుసుకున్నదీ మీతో చెప్పాలని ఈ నాలుగు మాటలు.

ముట్టుకోకముందే సగం పరీక్ష

ఆయన మొదట అడిగింది నొప్పి గురించి కాదు. "ఎట్లా పడ్డది? తల ముందుకు వంగిందా, వెనక్కి పోయిందా?" అన్నాడు. గడ్డం కింద గాటు చూడగానే ఆయన ముఖం మారింది. మెడ కదపనే లేదు. ముందు గట్టి పట్టీ తెప్పించి, ఒకరు తల పట్టుకుంటే ఇంకొకరు బిగించారు. "ఫొటో తీసేదాకా మెడ తిప్పుడు లేదు" అన్నాడు. పెద్దమ్మ నూనె గిన్నె గుర్తొచ్చి నాకు ఒళ్ళు జలదరించింది.

మెడ వెనక నడిమధ్యన ఒక్కో ఎముకనీ వేలితో మెల్లగా నొక్కుతూ వచ్చాడు. పక్కన కండ నొప్పెడితే ఒక లెక్క, నడిమధ్య ఎముక మీద నొప్పెడితే ఇంకో లెక్కట. ఆ తరువాత చేతులు. భుజం పైకెత్తమన్నాడు, అది ఐదో నరం పని. మణికట్టు వెనక్కి వంచమన్నాడు, ఆరోది. మోచెయ్యి చాపమన్నాడు, ఏడోది. వేళ్ళు గట్టిగా మూయమన్నాడు, ఎనిమిదోది. ప్రతిసారీ ఆయన చెయ్యి ఎదురొత్తుతూనే ఉంది. దూదితో, సూదితో బొటనవేలు, నడిమివేలు, చిటికెన వేలు ముట్టి చూశాడు. ఈ మూడు వేళ్ళకీ స్పర్శ తెచ్చేవి వరసగా మెడలోని ఆరు, ఏడు, ఎనిమిది నరాలు. ఏ వేలు మొద్దుబారిందో చెబితే మెడలో ఎక్కడ నొక్కుకుందో దాదాపుగా చెప్పేస్తారు. ఊళ్ళో కరెంటు పోతే ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజు పోయిందో లైన్‌మన్ చెప్పినట్టు!

చిన్న సుత్తితో మోచేతుల దగ్గరా మోకాళ్ళ దగ్గరా కొట్టాడు. మోకాలు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఎగిరింది. నడిమివేలి గోరుని చిటిక వేసినట్టు మీటితే, అడగకుండానే బొటనవేలు లోపలికి ముడుచుకుంది. అరికాలి మీద తాళంచెవితో గీస్తే కాలి బొటనవేలు పైకి లేచింది. "అమ్మా, ఒంటికి మంచిగనే వస్తుందా? తెలుస్తుందా?" అని అడిగాడు. అత్తమ్మ సిగ్గుపడింది గానీ అది చాలా పెద్ద ప్రశ్నట. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా వెన్నుపాముకి దెబ్బ తగిలినట్టే అనుకుని పరుగెత్తాలి.

ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. "మంచిదే కదా" అన్నాను. "ఎముక విరగకపోయినా లోపలిది నలగొచ్చు" అని ఎమ్మారై తీయించాడు. వెన్నుపాము నడుమ వాచి ఉంది.

విరగనిది నలగడమేమిటి?

వయసు పెరిగేకొద్దీ మెడ ఎముకల మధ్య మెత్తలు అరిగి, అంచుల్లో ఎముక ముళ్ళలా పెరిగి, వెనక ఉండే కట్టు మందమై, వెన్నుపాము పోయే గొట్టం ఇరుకవుతుంది. మామూలుగా ఏ బాధా ఉండదు. అట్లాంటి మెడ గడ్డానికో నుదుటికో దెబ్బ తగిలి గబుక్కున వెనక్కి వంగితే, వెన్నుపాము ముందూ వెనకా నుంచి అడకత్తెరలో పడ్డట్టు నలుగుతుంది. కాళ్ళు నడుస్తాయి, చేతులు పనిచేయవు. చేతివేళ్ళ నాజూకు పనులు నడిపించే దారులకే దెబ్బ ఎక్కువ తగులుతుంది. 1954లో ష్నైడర్ అనే అమెరికా డాక్టరు, ఆయన తోటివాళ్ళు దీన్ని వివరించి రాశారు. పెద్దవాళ్ళు ఇంట్లో జారిపడినప్పుడు ఇది వచ్చే ప్రమాదం ఉంది. నడుస్తున్నారు కదా అని మనం నిమ్మళంగా ఉంటాం. అదే పొరపాటు.

ఇక ఈ మెడ అనేది ఎంత విచిత్రమైన కట్టడమో! మనిషికి 7 ఎముకలు. అంత పొడుగు జిరాఫీకీ 7 ఎముకలే. పైనున్న మొదటి ఎముక ఉంగరంలా ఉంటుంది. రెండోదానికి మధ్యలో మేకు పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ ఉంగరం ఈ మేకు చుట్టూ తిరుగుతుంది. ఇసుర్రాయి చూశారు కదా? కింది రాతిలో మేకు, దాని చుట్టూ తిరిగే పైరాయి. అచ్చం అదే ఏర్పాటు. మనం తల అటూ ఇటూ తిప్పే తిప్పుడులో దాదాపు సగం ఈ ఒక్క చోటే జరుగుతుంది. తల వంచి మెడ వెనక వేలు పెట్టండి. పుస్తెలతాడు ఆనే చోట ఒక బుడిపె తగులుతుంది. చాలామందిలో అది ఏడో ఎముక.

ఏడు ఎముకలకీ నరాలు మాత్రం 8 జతలు. అందులో మూడు, నాలుగు, ఐదు నరాలు కలిసి ఊపిరి ఆడించే పొరని నడుపుతాయి. అందుకే మెడ పైభాగంలో వెన్నుపాము తెగితే మనిషికి ఊపిరే అందదు. ఇది కాక, మొదటి ఆరు ఎముకల రెక్కల్లో చిన్న చిన్న కంతలుంటాయి. వాటిలోంచి, నల్లపూసల్లోంచి దారం పోయినట్టు, మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే నాళాలు పోతాయి. మెడ విరిపించుకునే ముందు ఈ దారం సంగతి ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. మగవాళ్ళు మంగలిషాపులో కటకటమని మెడ విరిపించుకుని హాయిగా ఉందంటారు. ఎప్పుడో ఒకసారి ఆ విరుపుకి నాళం లోపలి పొర చినిగి, అక్కడ రక్తం గడ్డకట్టి, మెదడుకి దెబ్బ కొట్టిన సంఘటనలు వైద్యుల రికార్డుల్లో ఉన్నాయి.

మనం నవ్వుకోనక్కర్లేదు, బ్యూటీపార్లర్‌లోనూ ఇదే ప్రమాదముంది. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ళావిడ పార్లర్‌లో తల కడిగించుకుంటుండగా కళ్ళు తిరిగి, వికారం, వాంతులు మొదలయ్యాయి. ముందు కడుపు డాక్టరుకి చూపించారు. తగ్గలేదు. మర్నాడు నరాల వైద్యులు డాక్టర్ సుధీర్ కుమార్ పరీక్షించి, ఎమ్మారై తీయించి, అది మెదడుకి వచ్చిన స్ట్రోక్ అని తేల్చారు. బేసిన్ అంచు మీద మెడ బాగా వెనక్కి వాల్చి, పక్కకి తిప్పినప్పుడు ఆ నాళం నొక్కుకుపోయిందని ఆయనే నలుగురికీ తెలిసేలా రాశారు. అమెరికాలో 1993లోనే ఒక వైద్యుడు ఇట్లాంటివి ఐదు కేసులు ప్రచురించాడు. అరుదైన సంగతే, భయపడి పార్లర్ మానుకోమని కాదు. మెడ కింద మడిచిన టవల్ పెట్టమనండి. కళ్ళు తిరిగితే వెంటనే లేవండి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ముందుకి వంగి కడిగించుకోవడం మేలు.

తలబరువులు, బీడీ చాటలు

తల బరువు సుమారు 5 కిలోలు. నిటారుగా ఉన్నంతసేపూ ఎముకల దొంతర ఆ బరువు మోస్తుంది. వంచామా, వెనక కండలు లాగి పట్టుకోవాలి. న్యూయార్క్‌లో హంస్‌రాజ్ అనే వెన్నెముక సర్జన్ 2014లో లెక్కకట్టాడు. 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలతో సమానమట. అంటే సగం బస్తా బియ్యం! కాగితం మీది లెక్కే గానీ, ఫోను చూసే పిల్లలకి చెప్పుకోవడానికి బాగుంది.

ఆయన ఫోను కోసం లెక్క కట్టాడు. మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఆడవాళ్ళు ఫోన్లు పుట్టకముందు నుంచే మెడలు వంచి కూచున్నారు. ఒళ్ళో బీడీ చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. పొద్దున కూచుంటే అన్నం వేళకే లేవడం. అట్లా ముప్పై ఏళ్ళు చేసినావిడ ఒకామె నాతో అంది: "కండ్లు మూసుకున్నా చాటనే కనవడతదమ్మా. ఆకాశం చూడాల్నంటే మనిషంతా వెనక్కి వంగాలె." చాటని ఒళ్ళో కాకుండా చిన్న పీట మీదో, రెండు ఇటుకలు పెట్టిన పలక మీదో పెట్టుకుంటే వంపు కొంత తగ్గుతుంది. ఒక కట్ట కట్టినప్పుడల్లా తలెత్తి, భుజాలు వెనక్కి తీసి, గడ్డం లోపలికి లాక్కుని పది లెక్కపెట్టాలి. కూలి కట్టల లెక్కన వచ్చేటప్పుడు పది లెక్కపెట్టడం కూడా ఖర్చే, తెలుసు. అయినా చెబుతున్నాను. కుట్టుమిషను తొక్కేవాళ్ళకీ ఇదే మాట.

తలమీద మోతల సంగతి వేరు. చుట్టబట్ట పెట్టి బిందె మీద బిందె ఎత్తుకుని చెయ్యి వేయకుండా నడిచే మన ఆడవాళ్ళని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కెన్యాలో తలమోతలు మోసే స్త్రీల మీద 1986లో ఒక పరిశోధన అచ్చయింది. తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా ఎత్తుకున్నా వాళ్ళకి అదనపు శక్తి ఖర్చు కావడం లేదని తేలింది. కానీ ఆయాసం రాకపోవడం వేరు, ఎముక అరగకపోవడం వేరు. పైగా అసలు ప్రమాదం మోతలో కాదు, కాలు జారడంలో ఉంది. పుల్లలమోపుతో ఒడ్డు మీద జారితే మోపు బరువంతా మెడ మీద పడుతుంది. జారుతుంటే మోపుని కాపాడుకోవద్దు, వదిలేయండి. వాననాడు తలమోత వద్దు.

చున్నీ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసీ దండగ. 1927 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఇసడోరా డంకన్ అనే పేరుమోసిన నర్తకి కారులో బయల్దేరింది. మెడకి చుట్టుకున్న పొడుగాటి పట్టు స్కార్ఫ్ చక్రంలో చుట్టుకుంది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. దాదాపు నూరేళ్ళు గడిచాయి. ఇవాళ మన రాజీవ్ రహదారి మీద నిలబడి చూడండి, బండి వెనక కూచున్న అమ్మాయిల చున్నీలు జెండాల్లా ఎగురుతుంటాయి. బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పే అడ్డు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. కొత్త బండి కొనగానే "చూడ్డానికి బాగాలేదు" అని ఆ చీరగార్డు పీకించేది మన పిల్లలే! చున్నీని రెండు కొసలూ ముందుకి తెచ్చి నడుముకి ముడి వేసుకోవాలి, మెడకి చుట్టి వెనక్కి వదలకూడదు. పిండిగిర్ని బెల్టు దగ్గరా, వడ్లు పట్టే మిషను దగ్గరా చీరకొంగుకైనా ఇదే జాగ్రత్త.

ఎత్తి కూచోబెట్టకండి

మన వైపు తాళ్ళెక్కే గౌడన్నల ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు జారినా మనిషిని పట్టి ఉంచే తాళ్ళూ బెల్టులూ అవి. మీ ఇంట్లోవాళ్ళకి వస్తే మూలన పడేయనివ్వకండి.

చెట్టు మీంచి గానీ, బండి మీంచి గానీ, మెట్ల మీంచి గానీ మనిషి పడ్డప్పుడు మనం చేసే మొదటి పని ఇద్దరు చేతులూ ఇద్దరు కాళ్ళూ పట్టుకుని ఎత్తి కూచోబెట్టడం, నోట్లో నీళ్ళు పోయడం. ఆ రెండూ తప్పే. విరిగిన ఎముక అప్పటిదాకా వెన్నుపాముని కోయకపోయినా, మనం ఎత్తినప్పుడు కోయొచ్చు. ఎట్లా పడ్డవాళ్ళని అట్లాగే ఉంచి, తల దగ్గర మోకాళ్ళ మీద కూచుని, రెండు అరచేతులతో చెవుల పక్కన తలని కదలకుండా పట్టుకోండి. మోచేతులు నేలకి ఆనిస్తే చేతులు వణకవు. 108కి ఫోను చేయించండి. ఊపిరి మామూలుగా ఆడుతుంటే హెల్మెట్ లాగకండి. వాంతి వస్తే మాత్రం పక్కకి తిప్పక తప్పదు. అప్పుడు తల పట్టుకున్నవాళ్ళు చెప్పగానే మిగతా ముగ్గురూ భుజం, నడుము, కాళ్ళు ఒక్కసారే, దూలాన్ని దొర్లించినట్టు తిప్పాలి. మెడ మెలిపడకూడదు. అన్నిటికన్నా ముందు ఊపిరి ఆడుతోందో లేదో చూడాలి.

ఎవరికి ఫొటో తీయించాలి, ఎవరికి అక్కర్లేదు అనేదానికి కెనడా డాక్టర్లు 2001లో ఒక పద్ధతి ప్రకటించారు. దెబ్బ తగిలాక మెడనొప్పి ఉండి, వయసు 65 దాటినా, 3 అడుగుల ఎత్తు నుంచి లేదా 5 మెట్ల మీంచి పడినా, చేతుల్లో కాళ్ళల్లో తిమ్మిర్లున్నా ఫొటో తప్పదంటారు వాళ్ళు. దగ్గర్లో చూపించినప్పుడు మా అత్తమ్మకి ఇందులో రెండున్నాయి. మాకప్పుడు తెలియదు.

పడకపోయినా, నెమ్మదిగా మెడలో నొక్కుడు పెరిగేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకి నొప్పి ఉండకపోవచ్చు కూడా. జాకెట్ హుక్కులు పెట్టుకోలేరు. పూలు గుచ్చలేరు. చెప్పు కాలి నుంచి జారినా తెలియదు. నడక తూలుతుంది. తల వంచితే వెన్నులో కరెంటు పాకినట్టవుతుంది. ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. 10 సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరవగలరో లెక్కపెట్టండి. ఇరవై సార్లు రావాలి. బాగా తగ్గితే డాక్టరుకి చెప్పండి. ఒక్క చెయ్యే గుంజుతూ తిమ్మిరెక్కితే, తలని నొప్పి పక్కకి వాల్చి పైనుంచి నొక్కే పరీక్ష ఒకటి డాక్టర్లు చేస్తారు. అది ఇంట్లో చేయకండి. రాత్రిళ్ళు మాత్రమే బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కి నిద్రలేపుతుంటే అది మెడ కాక మణికట్టు నరం కావచ్చు.

ఇన్ని చెప్పానని మెడ పట్టినవాళ్ళంతా హడలిపోకండి. పక్క మీద మెడ పట్టడం నూటికి తొంభై మందికి వచ్చేదే, నాలుగు రోజుల్లో పోయేదే. కాపడం పెట్టుకుని, తలని మెల్లగా కదుపుతూ ఉంటే చాలు. ఉత్త నొప్పికి మెడపట్టీ నెలల తరబడి వాడితే కండలు నీరసిస్తాయి. మెత్త ఎండలో వేయడానికి నాకేం అభ్యంతరం లేదు, మెత్తకి మంచిదే.

అత్తమ్మకి ఆపరేషన్ పడలేదు. పట్టీ, మందులు, ఆ తరువాత రోజూ చేతులకి వ్యాయామం. కాళ్ళు ముందే బాగున్నాయి. భుజాల్లో బలం వచ్చింది. వేళ్ళే ఆఖరికి కదిలాయి. పెసర్లు, శనగలు కలిపి చాటలో పోసి ఏరమనేదాన్ని. మొదట్లో విసుక్కుని చాట నెట్టేసేది. సద్దుల బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు వరసలు నేను పేర్చాను, ఆమె పక్కన కూచుని బంతిపూలు అందించింది. గౌరమ్మని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. పసుపు ముద్ద కలిపి, తనే చేస్తానని పంతం. రోజూ రెండు నిమిషాల పని, ఆ రోజు అరగంట పట్టింది. బతుకమ్మని తలకెత్తుకుంటానని లేస్తే మావారు, నేను ఇద్దరం అడ్డుపడ్డాం. ఆ కోపం మూడు రోజులుంది.

చాయ గ్లాసు ఇప్పటికీ రెండు చేతులతోనే పట్టుకుంటుంది.